క్రియ అందించేవాళ్ళు

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. లేకపోతే చదివేవాళ్ళు నా మీద జాలిపడుతూ కూర్చుంటారు, జాలి అంటే నాకు ఒళ్ళు మంట. నాకిప్పుడు మాటలొస్తాయి. అన్నీ కాదు, చాలావరకు. ఎడమచేత్తో ఫోన్‌లో ఒక్కో అక్షరం నొక్కుతూ రాస్తున్నాను కాబట్టి వాక్యం చివరికి చేరేసరికి ఒక్కోసారి పక్కనున్న టీ చల్లారిపోతుంది. తెలుగు వాక్యానికి చివర ఉండేది క్రియ. నాకు పోయింది అదే.

నేను తెలుగు మాస్టర్ని. తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి వెళ్తే, అందరూ ఫొటోలు దిగే రాతి భవనాల వైపు కాకుండా, రేకుల సైకిల్ స్టాండు ఉన్న వైపు ఒక కాలేజీ ఉంది. అందులో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు సెకండ్ లాంగ్వేజ్ తెలుగు చెప్పేవాణ్ణి, కాంట్రాక్టు మీద. ఏటా కాలేజీ తెరిచే ముందు మమ్మల్ని కొత్తగా తీసుకుంటారు, ఏటా వేసవి సెలవుల్లో మా మొహాలు మర్చిపోతారు. ఆ పిల్లలు చాలామంది ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చినవాళ్ళు. పద్యం చెబుదామని పుస్తకం తెరిస్తే వాళ్ళకు వాక్యమే తెలిసేది కాదు. దాంతో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అంటూ అయిదో తరగతి పాఠాలు మొదలుపెట్టేవాణ్ణి. "గిదంత మాకు స్కూల్ల చెప్పలే సార్" అని వాళ్ళూ, "చెప్పకపోతే ఇప్పుడు నేర్చుకోండి, చచ్చేలోపు పనికొస్తుంది" అని నేనూ. విసుక్కుంటూ, తిడుతూ, చాలా ఇష్టంగా చెప్పేవాణ్ణి.

నా పాఠం చెప్పే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన దగ్గర బడికి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలిసిందే. మాస్టరు వాక్యం మొదలుపెట్టి, చివరి మాట దగ్గర గొంతు కాస్త పైకి లేపి ఆగుతాడు. ఆ చివరి మాట క్లాసంతా కలిసి అరుస్తుంది. నేను "రైతు పొలం..." అంటే వాళ్ళు "దున్నాడు!" అంటారు. "అమ్మ అన్నం..." అంటే "వండింది!" అంటారు. వెనక బెంచీలో నిద్రపోతున్నవాడు కూడా ఆ ఒక్క మాటకు లేచి గొంతు కలిపి మళ్ళీ పడుకుంటాడు. తెలుగులో ఆ చివరి మాట క్రియే గనక, ఇన్నేళ్ళూ నా క్లాసులో క్రియలన్నీ పిల్లలే చెప్పారు. కర్తనూ కర్మనూ వాళ్ళ ముందు పెట్టి నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున లాలాపేట్‌లో మా ఇంటి బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. చేతిలో మగ్గు జారిపోయింది. వంగి తీసుకుందామంటే కుడిచెయ్యి నాది కానట్టు వేలాడింది. చప్పుడుకు నా భార్య వంటింట్లోంచి వచ్చింది. ఆమె మెట్టుగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు, ఆ వేళప్పుడు ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదు.

"ఏమైంది? గట్ల నిలవడ్డవేంది?"

చెయ్యి పడిపోయింది అని చెప్పాలనుకున్నాను. "చెయ్యి" అన్నాను. తర్వాతి మాట లేదు. నాలుక మీద ఆడుతున్న మాట దొరక్కపోవడం వేరు, అది అందరికీ ఉంటుంది. ఇది అలా కాదు. ఆ మాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. "చెయ్యి... చెయ్యి..." అన్నాను.

"కాలిందా? తెగిందా? పాము గిట్ల కరిసిందా ఏంది?"

ఒకదాని తర్వాత ఒకటి క్రియలన్నీ ఆమె అందిస్తూనే ఉంది, ఒక్కటీ నాది కాదు. ఆ తర్వాత నా మూతి వంకర చూసి ఆమె కేక పెట్టింది. ఆసుపత్రిలో మెదడుకు ఎడమవైపు రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి కొంచెం కొంచెంగా వస్తుందన్నారు, మాట సంగతి మాత్రం చూడాలన్నారు.

తార్నాకలో మందుల షాపు పైన, ఇరుకు మెట్లెక్కితే ఒక స్పీచ్ థెరపీ క్లినిక్కు ఉంది. అక్కడుండే అమ్మాయికి మా కూతురు వయసుంటుంది, మాకు కూతురు ఉండి ఉంటే. వాళ్ళ నాన్నగారిది కృష్ణా జిల్లా అట, ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారట. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. మొదటి వారం బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. కుర్చీ, గొడుగు, ఏనుగు, కత్తెర. నిదానంగానే అయినా అన్నీ చెప్పాను. తర్వాత ఇంకో కట్ట తీసింది. అందులో ఒకడు తింటున్నాడు, ఒకడు పరుగెత్తుతున్నాడు, ఒకామె తల దువ్వుకుంటోంది. "అన్నం" అన్నాను. "పిల్లగాడు" అన్నాను. "జుట్టు" అన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుని నా భార్య వైపు తిరిగింది.

"నామవాచకాలు ఉన్నాయండీ. క్రియలు పోయాయి. కొందరికి ఇలా అవుతుంది. ఇంతకీ సార్ ఏం చేసేవారు?"

నా భార్య చెప్పింది. ఆ అమ్మాయి మొహం చూడాలి. నాకు నవ్వొచ్చింది, ఆసుపత్రికి వెళ్ళిన తర్వాత మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఆ రోగంలో ఏడుపు కూడా మన అదుపులో ఉండదు.

తెలుగువాడిగా పుట్టడం కొంత నయం అనిపించింది అప్పట్లో. మన భాషలో క్రియ లేకుండా చాలా వాక్యాలు నడుస్తాయి. నాకు ఆకలి. ఇది చేదు. చెయ్యి నొప్పి. రేపు ఆదివారం. నీకు కోపమా? ఇవన్నీ నిక్షేపంలాంటి వాక్యాలు, ఏ పండితుడూ తప్పు పట్టలేడు. ఆ వాక్యాల మీద నేను నెలల తరబడి బతికాను. ఆటోవాళ్ళకైతే అసలు వాక్యమే అక్కర్లేదు. చౌరస్తాలో చెయ్యెత్తి "లాలాపేట్" అంటే చాలు, వాడే మిగతాది మాట్లాడతాడు. ఇంట్లో మాత్రం అలా కుదరదు. ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. నా భార్య స్నానానికి వెళ్ళింది. "పాలు! పాలు!" అని తలుపు దగ్గర గొంతు చించుకున్నాను. ఆమె తడి జుట్టుతోనే గబగబా బయటికొచ్చి, వంటింట్లోకి పోయి, నాకు పాలు కావాలేమో అనుకుని గిన్నెలో మిగిలిన పాలు గ్లాసులో పోసి చక్కెర కలిపి నా చేతికిచ్చింది. నేను ఆ గ్లాసు గోడకేసి కొట్టాను.

దానికంటే పెద్ద విడ్డూరం పద్యాలు. కంఠతా వచ్చిన పద్యాలు గుక్క తిప్పుకోకుండా వచ్చేవి. వాటి నిండా క్రియలే, భూతకాలంలో, భవిష్యత్తులో, అన్ని రకాల ముగింపులతో. తిట్లు కూడా బ్రహ్మాండంగా వచ్చేవి, అవి మా ఊరి పొలాల్లో చిన్నప్పుడు నేర్చినవి. మంచినీళ్ళు ఇవ్వు అనే మాట మాత్రం రాదు. ఒకసారి నా భార్య విసిగిపోయి, "పద్యం మొత్తం జెప్తవు, నీళ్లు ఇయ్యమని చెప్పనీకి రాదా? నాటకాలు ఆడుతున్నవా నాతోని?" అంది. అన్న వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె తప్పేం లేదు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

క్రియ లేకపోతే ఏం పోతుందో క్లాసులో వందసార్లు చెప్పినవాణ్ణి, నాకే అర్థం కాలేదు. నాకు ఆకలి అనగలను. నిన్న నాకు భయమేసింది అని చెప్పలేను. రేపు రావద్దు అని చెప్పలేను. జరిగింది చెప్పాలన్నా, జరగబోయేది చెప్పాలన్నా, ఒప్పుకోవాలన్నా, కాదనాలన్నా అన్నీ క్రియలోనే ఉన్నాయి. అవును, కాదు అనే రెండు మాటలు మిగిలాయి గానీ ఒకదాని బదులు ఇంకొకటి బయటికొచ్చేది, తల కూడా వాటి ప్రకారమే ఊగేది. ఈ క్షణం నా కళ్ళముందు ఏముందో అంతవరకే నాకు భాష. చచ్చిపోతే బాగుండు అనిపించిన రోజులున్నాయి. అది చెప్పుకుని ఏడవడానికి కూడా నాకు నోరు లేదు.

వేసవి మధ్యలో మా డిపార్ట్‌మెంట్ హెడ్డు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టింది నా భార్య. సార్ ఎలా ఉన్నారని అడిగాడు, అందరం తలుచుకుంటున్నామన్నాడు. కాలేజీ తెరిచిన వారంలో ఒక్క డెమో క్లాసు తీసుకుంటే చాలన్నాడు, ఉత్త ఫార్మాలిటీయే అన్నాడు. ఫార్మాలిటీ కాదని ముగ్గురికీ తెలుసు. ఆ క్లాసులో నేను మాట్లాడగలిగితే ఉద్యోగం, లేకపోతే లేదు. యాభై దాటిన కాంట్రాక్టు మాస్టర్ని, ఒక చెయ్యి సరిగా లేనివాణ్ణి, ఇంకెక్కడా గుమ్మంలోకి కూడా రానివ్వరు. డబ్బు సంగతి ఎలాగో నా భార్య చూసుకునేది. నా బాధ అది కాదు. ఆ గదిలో చాక్‌పీసు పట్టుకుని నిలబడితేనే నేను మనిషిని. ఇంట్లో బాల్కనీలో కూర్చునే మనిషెవరో నాకు పరిచయం లేదు, పరిచయం చేసుకోవాలని కూడా లేదు.

అప్పటినుంచి క్లినిక్కు మెట్లు రోజూ ఎక్కాను. ఆ బొమ్మల కట్ట ఏ దేశం నుంచి వచ్చిందో గానీ, ఒక బొమ్మలో దొరలాంటి మనిషి ఏదో బండిని పచ్చిక మీద తోస్తుంటాడు. "గడ్డి" అంటాను. "ఏం చేస్తున్నాడండీ గడ్డిని?" అంటుంది. మాట బాగున్న రోజుల్లో కూడా నాకు ఆ బొమ్మకు క్రియ తెలియదు. ఆ కార్డును కోపంగా విసిరేస్తే ఆ అమ్మాయి నవ్వి పక్కన పెట్టేసింది. తర్వాత్తర్వాత ముక్కలు ముక్కలుగా క్రియలు రావడం మొదలైంది. నేను చదివి, చెప్పి, దిద్దిన అచ్చు మాటలు కావవి. పరుగెత్తే పిల్లవాడి బొమ్మ దగ్గర ఎంతసేపు పెనుగులాడినా రానిది, ఒకరోజు "ఉరుకు" అని మా అమ్మ గొంతుతో వచ్చింది. ఆ అమ్మాయికి ఆ మాట అంతగా అలవాటు లేదు, అయినా బల్ల మీద చెయ్యి కొట్టి, "మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే అనండి సార్, నాకు అదే కావాలి" అంది.

అయితే వచ్చినవన్నీ మొండి మాటలు. ఉరుకు, తిను, పో, కూర్చో. తోక లేదు. మన క్రియకు ప్రాణమంతా తోకలో ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా చేయలేదా అన్నది అక్కడే తెలుస్తుంది. తోక తీసేస్తే మిగిలేది హుకుం. "నేను పో" అనేవాణ్ణి. "నువ్వు తిను" అనేవాణ్ణి, ఆమె తిన్నదా అని అడుగుతున్నాననుకుని. నా భార్య పళ్ళెం తెచ్చుకుని నా ముందు కూర్చుని తినేది.

థెరపీ అమ్మాయి ఆమెకు ఒకటే ఆంక్ష పెట్టింది. "మేడమ్, మీరు మాట అందించకండి. ఎంతసేపైనా సరే ఆగండి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి, కావాలంటే ఎక్కాలు చదువుకోండి. మీరు అందిస్తే ఆయనకు రాదు." లెక్కల టీచరుకు ఎక్కాలు కష్టం కాదు. మాట అందించకుండా ఉండడమే కష్టం. మన దగ్గర ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటే అందించకపోవడం అమర్యాద. పెళ్ళి చూపుల్లోనూ, చావు ఇళ్ళలోనూ, బస్సుల్లోనూ పక్కవాళ్ళ వాక్యాలు పూర్తి చేసే జాతి మనది. నేను "నాకు నిద్ర..." అని ఆగితే ఆమె పెదాలు బిగించుకునేది, మెడ నరాలు ఉబ్బేవి, చివరికి "వస్తున్నదా?" అని తన్నుకుంటూ వచ్చేసేది. వెంటనే తలకొట్టుకునేది. నేను తిట్టేవాణ్ణి, తిట్లు వచ్చునని చెప్పాను గదా.

కాలేజీ తెరిచే రోజు దగ్గరపడేసరికి నా దగ్గర పట్టుమని పది క్రియలు లేవు, వాటికి తోకలు అసలే లేవు. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. తట్టగానే గట్టిగా నవ్వాను. నా భార్యను బాల్కనీలోకి పిలిచి, గోడ మీద చాక్‌పీసు పట్టుకున్నట్టు వేలు పెట్టి, "రైతు పొలం..." అని గొంతు పైకి లేపి ఆగాను. ఆమె ఎక్కాలు చదువుకుంటూ నిలబడింది. నేను విసుగ్గా ఆమె వైపు చెయ్యి ఊపాను. "క్లాసు! నువ్వు, క్లాసు!" అన్నాను.

ఆమెకు అర్థమైంది. కళ్ళు పెద్దవయ్యాయి. "దున్నిండు!" అంది, చిన్నపిల్లలా.

డెమో క్లాసులో నేను క్రియ చెప్పనక్కర్లేదు. ఎప్పుడూ చెప్పలేదు గదా. కర్త నాది, కర్మ నాది, క్రియ క్లాసుది. పాఠం కూడా అదే, వాక్యంలో భాగాలు. ఆ వారమంతా సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఆమె బ్యాగు పక్కన పడేసి నా ముందు క్లాసులా కూర్చునేది. ఒకసారి ముందు బెంచీ అమ్మాయి, ఒకసారి వెనక బెంచీ అల్లరివాడు. ఎన్నో నెలల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. థెరపీ అమ్మాయికి చెబితే మాత్రం ఆమె నవ్వలేదు. "అది మీ మాట అవ్వదు కదా సార్" అంది. నాకు ఒళ్ళు మండింది. నాకున్న ఒకే ఒక్క దారిని కూడా మూసేస్తుందేం ఈ పిల్ల అనుకున్నాను.

డెమో రోజు పొద్దున తార్నాక చౌరస్తా దగ్గర ఆటో దిగి, లోపలికి నడుస్తానని మొండికేశాను. నా భార్య సెలవు పెట్టి వెంట వచ్చింది. క్యాంపస్ రోడ్డు మీద చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు అప్పటికే పుస్తకాలు వేసుకుని కూర్చున్నారు. "మంచిగైతది" అంది ఆమె. ఆ క్రియ నాక్కావాలి అనుకున్నాను.

క్లాసు నిండా ఉంది. చివరి బెంచీలో హెడ్డు, ఆయన పక్కన వేరే డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన ఇద్దరు. నా భార్య తలుపు బయట వరండాలో నిలబడింది. పిల్లలందరూ లేచి నమస్తే పెట్టారు. వాళ్ళు కొత్తగా చేరినవాళ్ళు, నేనెవరో వాళ్ళకు తెలియదు. నేను ఎడమచేత్తో బోర్డు మీద వంకరటింకరగా రాశాను: రైతు. దాని పక్కన: పొలం. క్లాసు వైపు తిరిగాను. గొంతు సవరించుకున్నాను. "రైతు పొలం..." అని పైకి లేపి ఆగాను.

ఎవరూ మాట్లాడలేదు.

నేను అన్నీ ఆలోచించాను, ఇదొక్కటే ఆలోచించలేదు. క్లాసులో ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు కూర్చుంటే పిల్లలు నోరు విప్పరు. ఇది నేను చదువుకున్న రోజుల్లోనూ అంతే, మొన్నమొన్నటిదాకా నా క్లాసుల్లోనూ అంతే. ఎంత అల్లరి క్లాసైనా వెనక పెద్దవాళ్ళు కూర్చున్నారంటే గప్‌చుప్‌. తప్పు చెబితే మాస్టరుకు చెడ్డపేరు వస్తుందేమోనని, ఒప్పు తెలిసినవాడు కూడా బెంచీ మీద గీతలు చూస్తాడు. అది నా మీద గౌరవమే. ఆ గౌరవంతో వాళ్ళు నా పీక నులిమారు.

"రైతు... పొలం..." అన్నాను మళ్ళీ. ముందు బెంచీ పిల్లవాడి కళ్ళలోకి చూశాను, వాడు తల వంచుకున్నాడు. వాడికి తెలుసు. ప్రపంచంలో అందరికీ తెలుసు. ఒక్క మాట, మూడక్షరాలు. నా నోట్లో నాలుక పైకి కిందికి కొట్టుకుంటోంది గానీ దేనికీ తగలడం లేదు. చెమట కంట్లోకి కారింది. వరండాలో నా భార్య తలుపు చెక్కను పట్టుకుని నిలబడింది. ఆమె పెదాలు కదలడం కనబడింది. దున్నిండు, దున్నిండు అంటోంది, చప్పుడు లేకుండా. నేను ఆమె పెదాలను చూసి అందుకుందామని ప్రయత్నించాను. "దు..." అన్నాను. "దు... దు..."

వెనక బెంచీలోంచి ఒక గొంతు "దున్నాడు" అంది. బయటి డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన పెద్దావిడ. అన్నాక తనే ఉలిక్కిపడి కళ్ళజోడు సర్దుకుంది. పాపం, ఆమె కూడా మన బళ్ళలో చదువుకున్న మనిషే. దాంతో పిల్లలకు ధైర్యం వచ్చింది. "అమ్మ అన్నం..." అన్నాను. "వండింది" అన్నారు, సన్నగా. "పక్షి ఆకాశంలో..." "ఎగిరింది!" అన్నారు, ఈసారి గట్టిగా. కొంతసేపు బండి నడిచింది. కర్త కింద గీత గీశాను, కర్మ కింద గీత గీశాను. నా పాత గొంతు నాకే వినబడింది. అయిపోయింది, గట్టెక్కాను అనుకున్నాను.

కిటికీ పక్కన ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, వాక్యంల క్రియ లేకుంటే అది వాక్యం కాదా సార్?"

మంచి ప్రశ్న. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. దానికి జవాబు ఆ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బోర్డు వైపు వేలు చూపించి, "ఇది బోర్డు" అన్నాను. కిటికీ వైపు చూపించి, "బయట ఎండ" అన్నాను. నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "నేను మీ సార్ని" అన్నాను.

క్లాసులో ఎవరో అబ్బ అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, కూర్చోబోయి, మళ్ళీ నిలబడింది. "మరి క్రియ ఎందుకు సార్? అది లేకుంటే ఏమైతది?"

ఏమవుతుందో చెప్పడానికి నోరు తెరిచాను. ఆ నెలలన్నీ గొంతులోకి వచ్చాయి. పాల గ్లాసు, గోడ, నా భార్య తడి జుట్టు, చెప్పుకోలేని నిన్నలు. "క్రియ... క్రియ... నిన్న... నిన్న..." అన్నాను. పిల్లలు ఎదురుచూశారు. ఈ వాక్యానికి క్రియ వాళ్ళకు తెలియదు. వెనక బెంచీలోనూ ఎవరికీ తెలియదు. నేను నిన్న, నిన్న అంటూనే ఉన్నాను, ఏడుపు తన్నుకొస్తోంది. చివరికి హెడ్డు లేచి, "చాలండీ సార్, చాలు, చాలా బాగుంది" అని చప్పట్లు కొట్టాడు. పిల్లలు కూడా కొట్టారు.

తర్వాత ఆయన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నా భార్య నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన మంచివాడు. చెడ్డవాడైతే పని తొందరగా అయిపోయేది.

"అంతసేపు నిలబడి చెప్పడమే గొప్ప విషయమండీ. నిజంగా మేమందరం ఎంత సంతోషించామో" అన్నాడు. టీ కప్పును సాసరు మీద అటూ ఇటూ తిప్పాడు. "కానీ సార్, మీకు తెలియనిదేముంది. పిల్లల వైపు నుంచి కూడా చూడాలి కదండీ. అంచేత ఏమనుకున్నామంటే, ఈ సంవత్సరానికి మిమ్మల్ని..."

అక్కడ ఆగాడు. గొంతు కాస్త పైకి లేచి ఆగింది.

మన ఆఫీసుల్లో చెడు కబురు ఇలాగే చెబుతారు. వాక్యమంతా వాళ్ళు చెప్పి, చివరి మాట మన నోట్లో పెడతారు. మనమే దాన్ని అందుకుని, అర్థమైంది సార్, ఫర్వాలేదు సార్ అనాలి. అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అననట్టు లెక్క. నేను నా భార్య వైపు చూశాను. ఇలాంటివి ఎప్పుడూ ఆమే అందుకునేది. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఎక్కాలు చదువుకుంటోందని తెలిసిపోయింది. ఆ వాక్యం ఎవరిదో, దాని చివర ఏముందో ఆమె పట్టించుకోవడం లేదు. ఆగాలి అన్నది ఒక్కటే ఆమెకు గుర్తుంది. హెడ్డు కూడా ఆగాడు.

"తీసుకోరు" అన్నాను.

స్పష్టంగా అన్నాను. ఎక్కడా తడబడలేదు. కర్త వాళ్ళు, కాలం రాబోయేది, అర్థం వ్యతిరేకం, అన్నీ ఉన్నాయి అందులో. ఇన్ని నెలల్లో ఎవరూ అందించకుండా తోకతో సహా నా నోట వచ్చిన మొదటి క్రియ అది.

నా భార్య ఒక్క ఉదుటున నా చెయ్యి పట్టుకుంది, పనిచేయని కుడిచెయ్యి. "అన్నవ్!" అంది. "నువ్వే అన్నవ్! సార్, విన్నరా? మొత్తం అన్నడు, ఎవ్వలు చెప్పలే, ఆయనే అన్నడు!" ఆమె నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. హెడ్డు కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె ఆయన్ని చూడనే లేదు. నడక నేర్చే పిల్లను ఇంకొక్క అడుగు వేయమన్నట్టు నా మొహంలోకి వంగి, "మల్ల అను, ఒక్కసారి మల్ల అను" అంది.

నేను మళ్ళీ అన్నాను. ఈసారి ఆమెకు అర్థం వినబడింది. నవ్వు అలాగే ఉంది మొహం మీద, తీసేయడం ఆమెకు తెలియలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.